నంబరు తగ్గిన కుక్క

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. రిటైరైన వాడికి తీరిక ఎక్కువ, కోపం తక్కువ అని వాళ్లకెవరో చెప్పినట్టున్నారు. మొదటిది నిజమే. మొన్న ఒకబ్బాయి కుక్క గుండె స్కాన్ బొమ్మలు రెండు పంపించి, "సార్, మందు మొదలుపెట్టాక ప్రెషర్ ఎంత తగ్గిందో చూడండి" అన్నాడు. గొంతులో సంబరం తెలుస్తోంది. "బాగుంది. మందు ఎవరు కొన్నారు?" అని అడిగాను. "కుక్కగలవాళ్లే కొన్నారు సార్." "కొన్నట్టు నువ్వు చూశావా?" అన్నాను. ముసలాయనకు మతి తప్పిందనుకుని ఉంటాడు. ఆ ప్రశ్న ఎందుకడిగానో ఫోన్‌లో చెప్పాలంటే పొద్దు చాలదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. అతనూ చదువుతాడు, అతని తోటివాళ్లూ చదువుతారు.

నేను పలక పట్టేనాటికి మాది కర్నూలు జిల్లా. బడి మారలేదు, బళ్లో పంతులు మారలేదు, జిల్లా మాత్రం మారి ప్రకాశం అయింది. చదువుకి బయటికి పోయాను గానీ ఉద్యోగమంతా ఈ కొత్త జిల్లా పడమటి మండలాల్లోనే గడిచింది. రాచర్ల గొర్రెల మందలు, దొనకొండ మెట్టల్లో గేదెలు, దోర్నాల అడవంచు మేకలు, ఇవీ నా రోగులు. కుక్కలంటే నాకు పిచ్చికుక్క కాటూ దాని సూదిమందూ తప్ప పెద్దగా పరిచయం లేదు. చివరి పోస్టింగ్ మార్కాపురానికి దగ్గర్లో ఒక ఊరి ఆస్పత్రి. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. వాళ్లలో చాలామంది ఇప్పటికీ నాకు పెళ్లిపిలుపులు పంపుతున్నారు. కుక్క పేరు కూడా చెప్పను, ఆ పేరుతో ఊళ్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు.

గేదెల చూడి పరీక్షకని మాకొక స్కానింగ్ మిషన్ ఇచ్చారు. దాని పెట్టెలో గుండెను చూసే ప్రోబ్ కూడా ఒకటి వచ్చింది. ఎందుకు వచ్చిందో పంపినవాళ్లకూ తెలియదు, తీసుకున్న మాకూ తెలియదు. కవరైనా విప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రభుత్వ సొత్తును కాపాడటానికి అంతకంటే మంచి పద్ధతి లేదని అప్పటి నా నమ్మకం.

అది అట్లాగే ఉండిపోయేది గానీ, గుంటూరు వైపునుంచి ఒక అమ్మాయి డాక్టరుగా వచ్చి చేరింది. పెద్ద చదువు చదివింది, అందులోనూ కుక్కల గుండె మీద. బదిలీల జాతరలో ఎవరో ఏదో గడిలో టిక్కు పెడితే ఈ గొర్రెల రాజ్యానికి వచ్చి పడింది. చేరిన వారంలోనే బీరువా సర్దుతూ ప్రోబ్‌ను చూసింది.

"సార్, ఇది వాడుతున్నారా?"

"లేదమ్మాయ్, కాపాడుతున్నాం."

ఆమె నవ్వలేదు. "నేను వాడతానండీ" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఖాళీ ఉంటే చాలు, ఊళ్లో ఉన్న నాలుగు పెంపుడు కుక్కల్నీ పిలిపించి జెల్లు పూసి చూసేది. మా కాంపౌండరుకు ఇది నచ్చలేదు. పొట్టేలును ఒంటిచేత్తో పడేసే మనిషికి, బొచ్చుకుక్కను పట్టుకుని నిలబడాలంటే నామోషీగా ఉండేది. "పిల్లంత కుక్కను పట్టుకోని నిలబడితే నన్ను చూసి ఊరంతా నవ్వుతాంది సార్" అని నాతో మొరపెట్టుకున్నాడు. పట్టుకోక తప్పుతుందా!

ఇక సావుకారు సంగతి. ఆయన ఎండుమిర్చి వ్యాపారి. కింద దుకాణమూ గోడౌనూ, పైన ఇల్లు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, మితమైన మాట, గుడి కమిటీలో పెద్ద. ఊళ్లో సగం దుకాణాలు ఆయన చుట్టాలవే. భార్య ఆయనకు పూర్తిగా ఎదురు. దుకాణంలో ఆమె మాట్లాడితే రోడ్డవతల బస్సుకోసం నిలబడినవాళ్లకు వినిపిస్తుంది. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాక ఇంట్లో ఆమెకు తోడు ఒక తెల్ల పమేరియన్. పొద్దున ఆమె కిందికి దిగితే అదీ దిగుతుంది, రాత్రి ఆమె ఎక్కితే అదీ ఎక్కుతుంది. పగలంతా మిర్చి బస్తాల మీద నిద్ర.

ఒకరోజు ఇద్దరూ కలిసి దాన్ని తీసుకొచ్చారు.

"వారం నుంచి ఒకటే ఆయాసం సార్" అన్నాడు సావుకారు. "నిన్న ఈమె వెనకాల పైకి ఎక్కబోయి మెట్ల మీద తూలి పడిపోయింది. పోయిందనుకున్నాం. మళ్ల అదే లేచింది."

"పిలిస్తే పలకలే" అంది ఆమె. "నోరు తెరిచి చూస్తే నాలుక నేరేడుపండు మాదిరి ఉంది. నా చేతుల్లో బరువుగా అయిపోయింది సార్. దానికేమన్నా అయితే నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను, ముందే చెప్తాండా." చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలు కంటే చాలా చిన్నదైంది. ఆమె గొంతు తగ్గడం నేను అప్పుడే విన్నాను.

డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పడుకోబెట్టించింది. మా కాంపౌండరు పట్టుకున్నాడు. ఎట్లా పట్టుకున్నాడంటే, కుక్క నాలుక బయటపెట్టి ఒగరుస్తూనే ఉంది, కాళ్లు తన్నుతూనే ఉంది. ఆమె ప్రోబ్ పెట్టి తెర మీద చాలాసేపు చూసి, గీతలు గీసి, చివరికి మాకు చెప్పింది. ఏళ్ల తరబడి మిర్చి ఘాటు పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. వాటిలోకి పోయే రక్తనాళాలు బిగుసుకుని ఒత్తిడి పెరిగింది. గుండె కుడివైపు దానికి ఎదురు తోయలేక అలిసిపోతోంది, అందుకే మెట్లెక్కితే స్పృహ తప్పుతోంది.

ఆ ఒత్తిడిని నేరుగా కొలవడం మనవల్ల కాదు. నీళ్ల ట్యాంకర్ పైపుకు చిల్లి పడితే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతున్నాయో చూసి లోపల ఒత్తిడి ఎంతో అంచనా వేస్తామే, అట్లాగన్నమాట. గుండె కుడివైపు కవాటం సరిగ్గా మూసుకోక రక్తం కాస్త వెనక్కి చిమ్ముతుంది. ఆ చిమ్మే వేగాన్ని మిషన్ కొలుస్తుంది. ఆ వేగాన్ని దానితోనే హెచ్చించి, మళ్లీ నాలుగుతో హెచ్చిస్తే లోపలి ఒత్తిడి తేలుతుంది.

సావుకారు వ్యాపారి గనక వెంటనే అడిగాడు: "ఎంతమ్మా నంబరు?"

"వేగం సెకనుకు నాలుగు మీటర్లు దాటింది బాబాయిగారూ. మూడు లోపుంటే మంచిది."

"నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు" అన్నాడాయన కళ్లు మూసుకుని. "అదే మూడైతే మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. అంటే ఒక్క మెట్టు దిగితే సగం దిగినట్టే." మా లెక్క ఆయనకు మాకంటే త్వరగా వచ్చింది. ఆ లెక్కలో ఉన్న ప్రమాదం మాత్రం ఆ రోజు ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

భార్య కుక్కనెత్తుకుని బయటికి పోయాక డాక్టరమ్మ సావుకారుకు రెండు సంగతులు చెప్పింది. కుక్కను గోడౌన్‌లోకి రానివ్వొద్దు, చీటీలో రాసిన మాత్రను ముక్కలు చేసి మూడు పూటలా వెయ్యాలి. చీటీ రాసి సావుకారు చేతిలో పెట్టింది. మా ఆస్పత్రుల్లో చీటీ పైన రోగి పేరు ఉండదు, యజమాని పేరే ఉంటుంది. గొర్రెకు పేరెక్కడిది? ఆ అలవాటు చొప్పున కుక్కకూ సావుకారు పేరే రాసింది. ఆమె రాసిన మందు సిల్డెనాఫిల్. గుండె కోసమని మొదలైన మందే గానీ, లోకంలో మగవాళ్లు గుట్టుగా కొనుక్కునే మాత్రగా పేరుపడింది. ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలించడంలో దాన్ని మించింది మా చేతికి అందేవాటిలో లేదు.

నెల దాటాక మళ్లీ తీసుకొచ్చారు. మధ్యలో కుక్క పడిపోలేదట. ఆయాసం ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. "మందు వేస్తున్నారా బాబాయిగారూ?" అంటే, సావుకారు గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ "ఆ, వేస్తాన్నాం" అన్నాడు. ఆ రోజు మా కాంపౌండరు సెలవు. సావుకారు భార్యే కుక్క తలను ఒళ్లో పెట్టుకుని, చెవి వెనక గోకుతూ కూర్చుంది. అది కళ్లు మూసుకుని పడుకుంది. డాక్టరమ్మ కొలిచింది. మూడుకు రవ్వంత పైన!

ఆ సాయంత్రం ఆస్పత్రిలో మిరపకాయ బజ్జీలు తెప్పించాను. జిల్లా పశువైద్యుల సమావేశం ఒంగోలులో పది పదిహేను రోజుల్లో ఉంది. మన కేసు చెప్పమ్మాయ్ అన్నాను. "ఒక్క కుక్కే కదండీ, ఇంకొకసారి చూశాక..." అని ఆమె నసిగింది. నేను వినలేదు. పైవాళ్లకు ఫోన్ చేసి పేరిచ్చేశాను. ఏళ్ల తరబడి గొర్రెల టీకాల లెక్కలు తప్ప ఇంకేమీ వినిపించని మా పడమటి నుంచి గుండెజబ్బు కేసు పోతోందంటే, నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సమావేశానికి ఇంకా కొద్దిరోజులుందనగా, ఎండ ముదిరిన పూట ఒక ఆటో ఆస్పత్రి గేటులోంచి నేరుగా వరండా దాకా వచ్చేసింది. సావుకారు భార్య ఒక్కతే దిగింది. చేతుల్లో తువ్వాల, తువ్వాలలో కుక్క.

"మళ్ల పడిపోయింది సార్! ఈసారి రెండు మార్లు. ఒకటి గోడౌన్‌లో, ఒకటి ఆటోలో."

మేం తీసుకునేసరికి కుక్కకు స్పృహ వచ్చింది గానీ నాలుక నీలంగానే ఉంది. నర్సింగ్ హోమ్ నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెప్పించాం. అది కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ అడిగింది: "అమ్మగారూ, మాత్రలు మధ్యలో మానేశారా?"

"ఏం మాత్రలు తల్లీ? టానిక్కు గదా మీరు రాసింది? పొద్దున ఒక మూత, రాత్రికొక మూత, ఒక్కపూట తప్పకుండా పోస్తాన్నా."

"టానిక్కా?"

"ఆ, ఎర్రది. ఆయనే తెచ్చి ఇచ్చినాడు. మాత్రలంటారేంది మీరు?"

సావుకారు ఆ రోజు గుంటూరు మిర్చి యార్డుకు పోయి ఉన్నాడు, లేకపోతే నా నోటికి దొరికేవాడే. కుక్కను చంపుకోవడానికి మా దాకా రావడమెందుకు, గోడౌన్‌లోనే సరిపోయేది కదా అని నేను గట్టిగానే అంటున్నాను. డాక్టరమ్మ నా మాటలు వినడం లేదు. కుక్క వైపు, మిషన్ వైపు మార్చి మార్చి చూస్తోంది.

"సార్," అంది, "మందే వెయ్యకపోతే, పోయినసారి తగ్గింది ఏమిటండీ?"

కుక్క కుదురుకున్నాక ఆమె ఆ పూట చేసిన పనిని మీరు జాగ్రత్తగా చదవండి, పిల్లలూ. ముందు మా కాంపౌండరును పట్టుకోమంది. అది తన్నుకులాడుతుండగా కొలిచింది. తర్వాత సావుకారు భార్య ఒళ్లో పెట్టించి, అది సర్దుకున్నాక మళ్లీ కొలిచింది. ప్రోబ్‌ను పక్కటెముకల మధ్య ఒకచోట పెట్టి ఒకసారి, రెండు వేళ్లు పక్కకు జరిపి ఇంకోసారి. చివరికి తెర మీద ఒక బొమ్మను ఆపేసి, తన గీతను చెరిపేసి, కాగితం మీద రాసుకున్న అంకె మీద దూదిముక్క పెట్టి, "మీరు కొలవండి సార్" అంది. ఆమె నేర్పితే నేనూ కొంత నేర్చుకున్నాను అప్పటికి. వేగం చివర ఎక్కడుందో చూసి గీత పెట్టాలి. కానీ ఆ చివర కత్తితో కోసినట్టు ఉండదు, మంచులో కొండ అంచులాగా కరిగిపోయి ఉంటుంది. నేను ఒకచోట పెట్టాను. దూది తీసి చూస్తే ఆమె అంకె ఇంకొకటి.

ఒకటే కుక్క, ఒకటే పూట. అంకెలు మాత్రం మూడు పైనుంచి నాలుగు పైదాకా పరుచుకున్నాయి. కుక్క బెదిరి ఒగరుస్తుంటే గుండె గట్టిగా కొడుతుంది, వేగం పెరుగుతుంది. ఇక ప్రోబ్ ఆ చిమ్మే ధారకు ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంటే ఉన్న వేగం కంటే తక్కువే కనిపిస్తుంది. దాని మీద మనిషి చేతివాటం ఒకటి. ఆ తేడాను దానితోనే హెచ్చించి, మళ్లీ నాలుగుతో హెచ్చించి మేం జబ్బు సగం తగ్గిందనుకున్నాం. పోయినసారి కుక్క ఆమె ఒళ్లో పడుకుంది, మాకు తగ్గితే బాగుండునని ఉంది. రెండూ కలిసి మూడుకు తెచ్చాయి.

"తగ్గింది జబ్బు కాదు సార్" అంది డాక్టరమ్మ. అంతకంటే ఏమీ అనలేదు. సావుకారు భార్య మాత్రం ఊరుకోలేదు.

"నాకు మీ లెక్కలు తెలీవు తల్లీ. ఇది బతుకుతాదా, లేదా?"

డాక్టరమ్మ ఆమె పక్కన స్టూల్ లాక్కుని కూర్చుంది. "మిషన్ చూపించిన అంకె నమ్మి మేం మొన్న తగ్గిందన్నాం. అది తప్పమ్మా. ఇప్పుడు అంకె పక్కన పెడుతున్నాను. పడిపోతోంది, నాలుక నీలమవుతోంది, గుండె కుడిభాగం ఉబ్బి ఎడమ భాగాన్ని నొక్కుతోంది. అది ఏ వైపునుంచి చూసినా కనిపిస్తోంది. జబ్బు ముదురుగానే ఉంది. అసలు మందు ఇంకా పడలేదు కాబట్టి ఆశ ఉంది. ఈ రోజే మొదలుపెట్టాలి. నేనే వెళ్లి తెస్తాను."

"మా కుక్కకు మందు మీరు తెచ్చేదేంది?" అని ఆమె లేచింది. "చీటీ రాయండి."

చీటీ రాయించుకుని ఆమె బయల్దేరింది. ఎందుకైనా మంచిదని నేనూ వెంట పోయాను. మందుల షాపు ఆస్పత్రికి ఎదురు వీధిలోనే. షాపాయన ఆమెకు తమ్ముడి వరస. చీటీ చూశాడు, ఆమెను చూశాడు, పెదాల మీద నవ్వు మొలిచింది.

"ఏందక్కా, బావ ఈసారి నిన్నే పంపించినాడా?"

"ఈసారేంది? ఇంతకుముందు వచ్చినాడా?"

"నెలన్నర కింద ఇదే చీటీ తెచ్చినాడక్కా. నేనేదో నవ్వులాటకు ఒక మాటంటే, చీటీ జేబులో పెట్టుకుని ఎర్ర టానిక్కు కొనుక్కుని పోయినాడు."

షాపు ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె నన్ను దాటుకుని కౌంటరు మీద చెయ్యి వేసింది. ఆ గొంతు బస్టాండు దాకా వినిపించి ఉంటుంది.

"మీ బావకు సిగ్గుంది నాయనా, మా కుక్కకు లేదు. దానికే ఇయ్యి. రోజుకు మూడు పూటలా, నెలకు సరిపోను ఇయ్యి. ఇంకమీదట నేనే వస్తా. నవ్వేదుంటే ఇప్పుడే నవ్వేయి, మళ్ల మళ్ల నాకు టైము లేదు."

ఎవరూ నవ్వలేదు. షాపాయన తలవంచుకుని మాత్రలు లెక్కపెట్టాడు.

మర్నాడు సావుకారు వచ్చాడు. దొంగకు తేలు కుట్టినట్టు వరండా బెంచీ మీద కూర్చున్నాడు. నేను తిట్టడానికి సిద్ధపడే ఉన్నాను గానీ, మనిషిని చూశాక ఇంతే అడిగాను.

"కుక్కకని చెప్పొచ్చు కదా సావుకారూ?"

"చెప్పినా సార్. కుక్క పేరు జెప్పుకుని తెచ్చుకుంటాండావా బావా అని ఇంకా గట్టిగా నవ్వినాడు. చీటీ మీద నా పేరే ఉండె. చుట్టూ జనం. గుడి కమిటీలో ఉండేటోడిని, ఏం చెప్పాలె?" కండువాతో ముఖం తుడుచుకుని, "ఒంగోలు పోయన్నా తెద్దామనుకున్నా. ఈలోపల మీరే నంబరు తగ్గింది అంటిరి. టానిక్కుతోనే తగ్గింది గదా, ఇంక ఎందుకులే అనుకున్నా" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన సిగ్గుపడ్డాడు సరే, కానీ ఆ సిగ్గును ఆ తర్వాత కూడా నిలబెట్టింది మా అంకె. మేమే గనక ఆ రోజు "అంకెలో తేడా ఉండొచ్చు, కుక్కను చూస్తే నమ్మకంగా లేదు" అని ఉంటే, ఆయన ఒంగోలు బస్సు ఎక్కేవాడేమో.

ఇక సమావేశం. పేరు వెనక్కి తీసుకుందాం, జ్వరమని చెబుదాం అని డాక్టరమ్మతో అన్నాను. పైవాళ్లకు ఏమని చెప్పుకోవాలన్నది నా బాధ. "చెప్పాల్సింది ఇప్పుడే కదండీ ఉంది" అని ఆమె వెళ్లింది. నేనూ వెళ్లి వెనక వరసలో తలకాయ దాచుకుని కూర్చున్నాను. ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన వేసింది. నాలుగు నుంచి మూడుకు. హాల్లో చప్పట్లు. "ఈ రెండు బొమ్మల మధ్య ఈ కుక్కకు ఒక్క మాత్ర కూడా పడలేదు" అంది తర్వాత. మందుల షాపు కథ చెప్పేసరికి హాలంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఒకే పూట తీసిన బొమ్మల వరస వేసింది. నవ్వు తగ్గిపోయింది. నాకంటే సీనియర్ ఒకాయన లేచి, "అమ్మా, అయితే మనం బాగుచేశామనుకున్న వాటిలో ఎన్ని బాగయ్యాయి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే కూర్చున్నాడు.

అప్పటినుంచి మా ఆస్పత్రిలో ఒక పద్ధతి వచ్చింది. ఒకే మనిషి పట్టుకోవాలి, ఒకే వైపునుంచి చూడాలి, ఒకే మనిషి కొలవాలి. గుండె కొట్టుకునే ఒక్క దెబ్బను కాదు, వరసగా కొన్ని దెబ్బలను కొలిచి సగటు తీయాలి. పాత అంకెను కొలిచేవాళ్లకు ముందుగా చెప్పకూడదు. ఇంత చేసినా చిన్న తేడాను తేడా అనుకోకూడదు.

కుక్క మాత్రలు మింగుతోంది. సావుకారు గోడౌన్ తలుపుకు కింద అడ్డపలక కొట్టించి, దాన్ని పగలంతా పైన ఉంచే ఏర్పాటు చేశాడు. మొదట్లో ఆమే ఎత్తుకుని ఎక్కించేది. కొన్ని వారాలకు దింపమని గొడవ చేసి సగం మెట్లు తనే ఎక్కిందట. పడిపోవడం ఆగింది.

రెండు నెలలకు మళ్లీ కొలిచింది డాక్టరమ్మ, అన్ని పద్ధతులూ పాటించి. అంకె నాలుగుకు కాస్త పైనే ఉంది. మొదటి రోజుకూ ఈ రోజుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

సావుకారు ముఖం వాడిపోయింది. "ఇంత చేస్తే తగ్గలేదా తల్లీ? టానిక్కు పోసినప్పుడు తగ్గె, మాత్ర వేస్తే తగ్గకపాయె?"

"తగ్గకపోయినా పర్వాలేదు బాబాయిగారూ" అంది డాక్టరమ్మ. "ఈ అంకె ఒక్కదాన్ని చూసి నేను మందు ఆపను, పెంచను. అది మెట్లెక్కుతోంది, నాలుక ఎర్రగా ఉంది, పడిపోవడం లేదు. అది మాత్ర వల్లనో, మిర్చి ఘాటు తప్పడం వల్లనో, రెండింటి వల్లనో కూడా నేను విడదీసి చెప్పలేను. ఇట్లాగే కానివ్వండి."

"అట్ల చెప్పు తల్లీ!" అంది సావుకారు భార్య. "ఈయనకు అన్నీ కాటా మీద పెట్టి చూస్తేగాని నమ్మకం కలగదు. రాత్రి నా వెనకాల పైదాకా ఎక్కింది. నేను చూసినా."

ఆ కుక్క ఒక వానకాలం, ఒక చలికాలం చూసింది. మళ్లీ మిర్చి సీజన్ మొదలవుతుండగా పోయింది. నిద్రలోనే, పైన, ఆమె మంచం పక్కన. ఆ సంగతి చెప్పడానికి ఇద్దరూ ఆస్పత్రికి వచ్చారు. మిగతావాళ్లలాగా ఫోన్ చేయలేదు. "చివరి వారం ఎట్లా ఉందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఎట్లుండేది, మామూలుగనే. నాతో పాటు కిందికొచ్చింది, నాతో పాటు పైకొచ్చింది" అంది ఆమె. ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. వేల గొర్రెలు చచ్చిపోవడం చూసినవాణ్ణి, ఒక పమేరియన్ కోసం ఏడవడం ఏమిటని సిగ్గేసింది, అయినా ఆగలేదు.

సావుకారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. భార్య ఆటోవైపు నడిచాక, ఆమెకు వినపడకుండా డాక్టరమ్మను అడిగాడు.

"ఆ మాత్ర మొదటి రోజే తెచ్చి వేసుంటే, ఇంకెన్నాళ్లు బతికి ఉండేదమ్మా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. వచ్చిన కొత్తలో అయితే ఏ పుస్తకంలోంచో ఒక లెక్క తీసి చెప్పేదే. ఆయన మనసు కుదుటపడేటట్టు ఏదో ఒకటి చెప్పెయ్యమ్మాయ్ అని లోపల నేనే కోరుకున్నాను.

"తెలియదు బాబాయిగారూ" అంది డాక్టరమ్మ. "ఎక్కువ కావచ్చు, ఇంతే కావచ్చు. నాకు నిజంగా తెలియదు."

ఆయన తల ఊపి, చెప్పులు తొడుక్కుని, ఆటోలో భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.